అది చూడకూడదు

“దీని గొట్టం కోసెయ్యల్లప్పా,” అన్నాడు ఓబళప్ప.

గుడ్డలో చుట్టి తెచ్చిన రివాల్వర్‌ను బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

ఐజాక్ అద్దాలు సర్దుకుని రివాల్వర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. అది అతనికి కొత్తది కాదు. పైనున్న మీటను ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగితే తప్ప పేలని పాతకాలపు రకం. జానెడు గొట్టం. ఓబళప్ప పందెపు గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే రోజుల్లో ఒక దొర వెళ్ళిపోతూ ఇచ్చినది. లైసెన్సు ఓబళప్ప పేరనే ఉంది. శుభ్రం చేయించడానికి ఏటా శివాజీనగర్ సందులోని ఈ తుపాకుల దుకాణానికే తెచ్చేవాడు. వచ్చినప్పుడల్లా గుర్రాల కబుర్లే. ఇంటి మాట, భార్య మాట ఎత్తేవాడు కాదు.

“ఇంత మంచి గొట్టాన్ని కోయడమెందుకప్పా?”

“చెయ్యి వణుకుతా ఉండాది. బరువు ఆగల్లేదు.” ఓబళప్ప గొంతు తగ్గించాడు. “ఇంగోటి, దీన్ని చూస్తే అది బెదురుతాది. ఇన్నేండ్లు నాతో ఉండాది గదా, దీన్ని ఎందుకు బయటికి తీస్తానో దానికి తెల్సు. పొట్టిదైతే చేతిలోనే దాగుతాది. అది చూడకూడదప్పా.”

ఐజాక్‌కు అర్థమైంది. కాలు విరిగిన గుర్రాన్ని బాధ నుంచి తప్పించాల్సి వచ్చినప్పుడు అందరూ ఓబళప్పనే పిలిచేవాళ్ళు. పని మానేశాక యలహంకలో ఇంటి వెనక షెడ్డులో ఒక ముసలి గుర్రాన్ని తెచ్చి పెట్టుకున్నాడని విన్నాడు.

“లేవడం లేదా?”

“పడుకున్నది పడుకున్నట్టే ఉండాది. పక్కకి తిప్పితే అరుస్తాది. ఒళ్ళంతా పుండ్లు. ఈగలు తోలుతా పక్కనే కూచుంటా ఉండాను.”

“డాక్టరుకు చూపించావా?”

“ఎంతమందికో. సూదులేసినారు. ఇంక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తోలుకపో అనేసినారు.”

“ఇంకెవరితోనైనా చేయించకూడదా? నీకెందుకీ పాపం?”

“నా చేత్తో పెడితే తిన్నది. ఇంకొకరి చేతిలో పోవల్లనా?” ఓబళప్ప ముఖం తుడుచుకున్నాడు. “నోరు లేనిదప్పా. కండ్లతోనే అడుగుతాది, ఇంక చాలించు అని.”

ఐజాక్ గొట్టం పొడుగునా వేలితో రాసి, ఎక్కడ కోయాలో సుద్దతో గీత పెట్టాడు.

“కోస్తే కొసనున్న గురి పలక పోతుంది. మళ్ళీ అతికిస్తాను.”

“గురి ఎందుకప్పా?” అన్నాడు ఓబళప్ప లేచి నిలబడుతూ. “ఆనించి కాల్చేదే గదా.”

ఆ పని ఐజాక్‌కు ఇష్టంగా సాగలేదు. గొట్టాన్ని బిగించి రంపం పెట్టాడు. పాత ఉక్కు ఒక పట్టాన తెగలేదు. రెక్కలు నొప్పెట్టాయి. తెగిన మూతిని ఆకురాయితో చదును చేసి, లోపలి అంచు నున్నగా అయ్యేదాకా అరగదీశాడు. దగ్గర నుంచి పేల్చేదానికి ఇంత నునుపు అక్కర్లేదని తెలుసు. అయినా చేయి ఊరుకోలేదు.

అన్నం తినేటప్పుడు భార్య హన్నాకు చెప్పాడు. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది.

“మనసులో పెట్టుకోకండి,” అంది హన్నా. “పశువు కాబట్టి దానికి ఆ దయ దొరుకుతోంది. మా వార్డులో ఎంతమంది అదే అడిగి అడిగి పోయారో.”

అనుకున్న రోజుకు ఓబళప్ప రాలేదు. మరునాడూ రాలేదు. దుకాణంలో కూర్చున్నా ఐజాక్ మనసు యలహంకలోనే ఉంది. నోరులేని జీవి ఇంకా అక్కడ అరుస్తూనే ఉందేమో. తుపాకీని అలా పట్టుకెళ్ళడం పద్ధతి కాదు. అయినా మధ్యాహ్నం దుకాణం మూసి, సంచీ పట్టుకుని బస్సెక్కాడు. ఎండ, దుమ్ము. దిగి అడిగి అడిగి ఇల్లు చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి.

ఓబళప్ప అరుగు మీద తల వాల్చి కూర్చుని ఉన్నాడు. ఐజాక్‌ను చూసి లేచాడు.

“దాన్ని ఇడిసిపెట్టి రాలేకపోతినప్పా.”

రివాల్వర్ తీసుకుని అరచేతిలో పెట్టుకుని, చేయి ఒంటికి ఆనించి చూసుకున్నాడు. బయటికి కనబడలేదు. తల ఊపాడు.

“తోడుగా రానా?” అడిగాడు ఐజాక్.

“వద్దప్పా. కొత్తోళ్ళంటే దానికి పడదు.”

“దిగులు పెట్టుకోవద్దు ఓబళప్పా. నువ్వు చేస్తున్నది మంచి పనే.”

ఓబళప్ప అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“ఆ మాట నువ్వొక్కడివే అన్నావప్పా. ఇంక నాకు ధైర్యముండాది,” అన్నాడు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

తూటాలకు వెళ్ళాడనుకున్నాడు ఐజాక్. ఎక్కడి నుంచో సన్నగా మూలుగు వినిపిస్తోంది. ఓబళప్ప వచ్చేలోగా ఆ జీవి కోసం చిన్న ప్రార్థన చేసి, ఒక్కసారి మెడ నిమిరి వెళ్ళిపోదామనిపించింది. గోడ పక్కగా నడిచి ఇంటి వెనక్కి వెళ్ళాడు.

షెడ్డులో గుర్రం నాలుగు కాళ్ళ మీదా నిలబడి నిమ్మళంగా ఉలవలు నములుతోంది. ఇంటి కిటికీలోంచి ఓబళప్ప గొంతు, “కండ్లు మూసుకో భాగీరథీ,” అంటోంది.