రంగు మారని స్ట్రిప్పు

దీక్ష తొమ్మిదో రోజు కూడా స్ట్రిప్పు రంగు మారలేదు.

హిమజకు ఒళ్లు మండిపోయింది. మానుకోటలో తెలంగాణ కోసం ఆమరణ దీక్షకు కూర్చున్న విద్యార్థి నరేందర్. నిజంగా పస్తున్నవాడి మూత్రంలో ఆ స్ట్రిప్పు ముంచితే ఊదారంగుకు తిరగాలి. నాలుగు రోజులుగా ముంచుతూనే ఉంది. తిరగదే! అంటే ఈ మహానుభావుడు చాటుగా మెక్కుతున్నాడన్నమాట.

రక్తం తీద్దామంటే సూది దగ్గరికి రానివ్వడు. బరువు చూద్దామంటే, మొన్న పోలీసులు శిబిరం మీద పడ్డప్పుడే తూకం మిషను ముక్కలైంది. ఇక మిగిలింది రోజూ అతని మేనమామ పోశాలు టెంటు వెనక నుంచి తెచ్చిచ్చే మూత్రం సీసా ఒక్కటే.

హిమజది జనగామ. "వంటకు డిగ్రీ ఏంది బిడ్డా" అని కిరాణా కొట్టు తండ్రి నవ్వినా పట్టుబట్టి న్యూట్రిషన్ చదివింది. ఇప్పుడు ఇక్కడో ప్రైవేటు దవాఖానలో ట్రైనింగు. నాలుగు రోజుల కింద శిబిరంలో పరీక్షలకు వాళ్లే పంపారు. ట్రైనీలు ముగ్గురు, ఉద్యోగం ఒక్కటే. "ఒక్క రిపోర్టు తప్పు రాసినా ఇంటికే" అని అక్కడి డాక్టర్ రమాకాంత్ మొదటి రోజే చెప్పేశాడు.

మూడు రోజులు పళ్లబిగువున ఊరుకుంది. ఇవాళ ఇక ఆగలేకపోయింది. సుద్దముక్క తీసుకుని శిబిరం బోర్డు మీద రాసేసింది: 'పస్తున్న లక్షణాలు లేవు.'

శిబిరంలోని కుర్రాళ్లు బోర్డు చుట్టూ మూగారు. తర్వాత ఒక కుర్చీ గాల్లోకి లేచింది.

"మేం లాఠీలు తింటుంటే నువ్వు బువ్వ తింటున్నవారా?"

నిన్నటిదాకా అతన్ని భుజాల మీద మోసినవాళ్లే జెండా కర్రలతో విరుచుకుపడ్డారు. నరేందర్ లేవబోయి కూలబడ్డాడు. కిందపడ్డాక కాళ్లతో తొక్కారు. పోశాలు మేనల్లుడి మీద అడ్డంగా పడుకుని, "కొట్టకుండ్రి! వాడు ముద్ద ముట్టలే!" అని మొత్తుకున్నాడు. ఎవరో అతని మూతి మీద తన్నారు. మరి మాట రాలేదు.

పోలీసులు వచ్చి దొరికినవాణ్ని దొరికినట్టు బాదారు. పోశాలును వ్యాన్లో పడేశారు. నరేందర్‌ను హిమజ పనిచేసే దవాఖానకే ఈడ్చుకొచ్చారు.

డాక్టర్ రమాకాంత్ హిమజను పక్కకు పిలిచాడు.

"ఆలోచించి చెప్పు. తొమ్మిది రోజులు నిజంగ పస్తుంటే ఒకేసారి అన్నం పెట్టొద్దు. గుండె ఆగిపోతది. చెంచలతోని మొదలువెట్టాలె. తింటున్నోడైతే ఫుల్ డైట్. ఏది రాస్తవ్?"

"ఫుల్ డైట్ సార్."

రాసి సంతకం పెట్టింది.

ఇద్దరు కానిస్టేబుళ్లు నరేందర్ చేతులు విరిచి పట్టుకున్నారు. మూడోవాడు ముక్కు మూసి పప్పన్నం ముద్దలు నోట్లో కుక్కాడు. "మింగురా!" పగిలిన పెదవుల నెత్తురు ముద్దలో కలిసింది. కక్కబోతే చెంపలు వాయించి మళ్లీ కుక్కారు. నరేందర్ హిమజ వైపు చూసి ఏదో చెప్పబోయాడు. ముద్ద అడ్డుపడింది.

ఇంకా నాటకాలే, అనుకుంది హిమజ. రాత్రికి పాలు, గుడ్లు కూడా చేర్చింది.

మూడో రోజు పొద్దున నరేందర్ చచ్చిపోయాడు.

దెబ్బలకే పోయాడన్నారు. కొట్టినవాళ్లు ఊరొదిలి పారిపోయారు. దొంగ దీక్షకు తగిన శాస్తి అన్నవాళ్లూ ఉన్నారు. బోర్డు మీద రాయకపోతే బతికేవాడే కదా అని హిమజ వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వు నిజం రాసినవ్. కొట్టింది వాళ్లు" అన్నాడు డాక్టర్. ఉద్యోగం ఆర్డరు ఆమె చేతిలో పెట్టాడు. ఆ మాటతో ఆమెకు కొంచెం ఊపిరాడింది.

సాయంత్రం పోలీసులు వదిలేస్తే పోశాలు కుంటుకుంటూ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కొడతాడేమోనని హిమజ గోడకు అతుక్కుపోయింది.

అతను చేతులు జోడించాడు.

"మా పోరడు దొంగ కాదని జర ఆ బోర్డు మీద రాయుండ్రి మేడం. వాని సీసల రంగు మారితే దవాఖానకు ఎత్తుకపోయి తినిపిస్తరని, రోజు ఆ సీస నా ఉచ్చతోనే నింపిచ్చిండు."