వెనక సీటు లెక్క

ప్రతి బండీ కదిలేముందు ఆ రోజు ప్రాణగండం ఎంతో తానే పైకి చెప్పి తీరాలన్న చట్టం వచ్చి మూడేళ్ళయింది. కాకినాడలో జనం దాన్ని వాన కబురులా వినేసి వెళ్ళిపోతున్నారు. లక్షలో నాలుగు, ఐదు. పది దాటిన రోజున జయదీప్ బండి ముట్టుకోడు, ఆటో ఎక్కేస్తాడు. తనంత జాగ్రత్తపరుడు వీధిలో లేడని అతని నమ్మకం.

ఆ సోమవారం భార్య హారిక ఎప్పటిలాగే కుచ్చిళ్ళు సర్దుకుని వెనక ఒకవైపుగా కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒక్క హెల్మెట్టూ అతని తలమీదే ఉంది.

“నడిపేవారికి నాలుగు,” అంది బండి. కొత్తగా ఇంకో మాట కూడా అంది. “వెనక కూర్చున్నవారికి ముప్పై ఒకటి.”

జయదీప్ బండి తెర తుడిచి మళ్ళీ అడిగాడు. అదే అంకె.

“ఒకే బండి కదా, ఇద్దరికీ ఒకటే అనుకున్నానే!”

“నాకెప్పుడో తెలుసండీ. పదకొండేళ్ళుగా మీ చొక్కా అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటున్నాననుకున్నారు?”

ప్రేమనుకున్నాడు. గబగబా దిగి, తన హెల్మెట్టు ఆమె తలకు పెట్టి పట్టీ బిగించాడు.

“నడిపేవారికి పంతొమ్మిది,” అంది బండి. “వెనకవారికి పదిహేను.”

“ఉండు, ఆటో పిలుస్తాను,” అన్నాడు జయదీప్.

హారిక హెల్మెట్టులోంచి అతనికేసి చూసింది.

“నాకు ముప్పై ఒకటన్నప్పుడు గుర్తురాలేదేవండీ, ఆటో?”