జేబు మీద గీత

అందరి జేబుల మీదా గుండె కొట్టుకునే తీరు ఒక గీతగా కదులుతూ కనిపించే రోజులవి. ఆ గీతను చటుక్కున చదవడం నర్సులకు నేర్పుతోంది సిస్టర్ సలోమీ. పాఠం మధ్యలో క్యాంటీన్ జోజయ్య, రోజూలాగే టీ ట్రేని చొక్కా జేబు దాకా ఎత్తి పట్టుకుని, గుమ్మంలోకి వచ్చాడు. అంతే, సలోమీ జేబు మీద గీత పరుగందుకుంది.

ముందు బెంచీలోంచి దీవెన లేచింది.

"మీ గీత చదవనా సిస్టర్? స్పీడెక్కువైందండీ. కానీ లయ తప్పలేదు. జబ్బయితే కాదండీ."

"మరి కారణం?" అలవాటు కొద్దీ అడిగేసి నాలుక కరుచుకుంది సలోమీ.

క్లాసంతా గుమ్మం వైపు చూసి కిసుక్కున నవ్వింది.

సలోమీకి సిగ్గుతో చచ్చినంత పనైంది. అంతలో ఆమెకో అనుమానం వచ్చింది.

"జోజయ్యగారూ, ఆ ట్రే కాస్త కిందికి దించండి. అమ్మాయిలూ, రెండో కేసు చదవండి!"