ఎగరని దొరబాబు

"పరిగెత్తరా నాయనా, పరిగెత్తు!" అని గొంతు చించుకుని అరవాలని ఉంది వార్డెనుకి. అరవకూడదు. ఒక్కసారి నోరు జారిందా, నాలుగు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ అభయారణ్యంలో రూలు అది. తల్లిలేని కొంగపిల్లని పెంచేవాడు మనిషిలా కనిపించకూడదు, మనిషిలా వినిపించకూడదు. మనిషికి మాలిమైన పిల్ల రేపు పెద్దదై, ఏ వేటగాడు పిలిచినా మెడ చాపుకుంటూ పోతుంది. అందుకని వార్డెను నెత్తి నుంచి చీలమండల దాకా తెల్లగుడ్డ ముసుగు తొడుక్కుంటాడు. కుడిచేతికి కొంగతల బొమ్మ. ఆ బొమ్మ ముక్కుతో గింజ పొడిస్తే పిల్లా పొడుస్తుంది. మడుగులోకి దిగితే పిల్లా దిగుతుంది. చుట్టూ నిలువెత్తు తడికలు, లోపల వాళ్లిద్దరే. మూడో ప్రాణిని రానివ్వడు. మొదట్నుంచీ అదే పట్టు.

పిల్ల పేరు దొరబాబు. తడికల సందుల్లోంచి దాని తాపీ నడక చూసి కాపలావాళ్లు పెట్టిన పేరు.

దొరబాబు అన్నీ నేర్చుకుంది, ఎగరడం తప్ప. ఈ జాతి కొంగ గాల్లోకి లేవాలంటే ముందు జోరుగా పరుగు తియ్యాలి. వార్డెను రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తూ ముందు పరిగెత్తుతాడు. దొరబాబు కూడా రెక్కలు విప్పి వెనకాలే బయల్దేరుతుంది. కానీ ఏం లాభం? ఎడమకాలు ఈడుస్తుంది. ఇంక జోరెక్కడిది? మైదానం చివరికంటా దేక్కుంటూ పోయి, ఇక తిండి పెట్టమన్నట్టు బొమ్మ ముక్కుకేసి చూస్తుంది. రోజుకి పదిసార్లు ఇదే తంతు. వార్డెనుకి తల ప్రాణం తోకకొస్తోంది.

శుక్రవారం పెద్దాఫీసరు ఫోను చేశాడు. "ఏమయ్యా, కొంగల మంద ఈ వారంలో వలస వెళ్లిపోతోంది. నీ పిల్ల సంగతేంటి?"

"ఇంకొక్క పదిరోజులు టైమివ్వండి సార్."

"మంద నీకోసం ఆగుతుందా? కుంటిదాన్ని వదిలితే రెండోరోజే నక్కపాలు. సోమవారం డాక్టరు రిపోర్టు నా టేబులు మీదుండాలి. బాగైతే వదిలెయ్. లేదంటే జూకి పంపించు, బతికినన్నాళ్లు బోనులో పడుంటుంది."

బోనా! వరదలో కొట్టుకుపోతున్న గూట్లోంచి గుడ్డు తీసి, చొక్కాలో పొదువుకుని తెచ్చింది బోనులో పెట్టడానికా? వార్డెనుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోనుని బల్లమీద పడేసి, కాపలావాణ్ణి ఊరికే నాలుగు తిట్టాడు.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, వార్డెను పిల్ల కళ్లకి గంతలు కట్టి తడికల బయటికి అందిస్తే, అప్పటికి మూడుసార్లు ఎక్స్‌రే తీసింది. వచ్చినప్పుడల్లా ఆఫీసుగదిలో వార్డెను కుర్చీ ఎదుట కూర్చుని అదే మాట.

"ఎముక భేషుగ్గా ఉంది సార్. కండ భేషు, నరం భేషు. ముల్లు లేదు, వాపు లేదు."

"మరెందుకమ్మా కుంటుతోంది?"

"అదే నాకూ అంతుచిక్కట్లేదు."

"మీకే చిక్కకపోతే మేమెవర్ని అడగాలమ్మా, కొంగనా?" అని విసుక్కున్నాడు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"దానికంత సీను లేదే. కుంటి వెధవని పెంచాను, అనుభవిస్తున్నాను," అన్నాడు.

భార్య గరిట ఠపీమని కింద పెట్టింది. "ఆ మాట మళ్లీ అన్నారంటే ఊరుకోను. దాన్నే కాదు, ఎవర్నీ అనకండి."

వార్డెను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడకి దొరబాబంటే అంత ప్రాణం మరి.

సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ వచ్చింది. ఈసారి ఎక్స్‌రే మిషను లేదు. కాపలావాడి చేత నిచ్చెన మోయించుకొచ్చింది.

"రిపోర్టుతో పాటు వీడియో కూడా పంపమన్నారు సార్. మీరు దాన్ని పరిగెత్తించండి, నేను తీస్తాను."

"లోపలికి ఎవరూ రావడానికి వీల్లేదమ్మా. నాలుగు నెలలు గాలిని కూడా అడిగి రానిచ్చాను."

"నేను రాను. నిచ్చెనెక్కి, తడికల మీంచి ఫోను ఒక్కటే పైకెత్తి తీసుకుంటా. దాని కంట పడను, సరేనా?"

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరి అవకాశమని ఇద్దరికీ తెలుసు.

ముసుగు తొడుక్కుని లోపలికెళ్లాడు. ఆ పూట ఒళ్లు హూనమయ్యేలా పరిగెత్తాడు. చేతులు ఆడించాడు, ఎగిరి దూకాడు, ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు. "లేవరా, ఒక్కసారి లేవరా, నీకు పుణ్యముంటుంది," అని ముసుగులోనే పెదాలు కదిలించాడు. దొరబాబు వెనకాలే వచ్చింది, ఎడమకాలు ఈడ్చుకుంటూ. గజమెత్తు కూడా లేవలేదు.

అంతే, అయిపోయింది. వార్డెను ఆఫీసుకొచ్చి, ముసుగు తీసి మూలకి విసిరేసి, కుర్చీలో కూలబడ్డాడు. చెమటో కన్నీళ్లో ముఖమంతా తడిసి ఉంది.

డాక్టరమ్మ లోపలికొచ్చింది. ఆమె ముఖం అదోలా ఉంది.

"రాసెయ్యండమ్మా. కుంటిదని రాసి పంపెయ్యండి. బోను తలుపు కూడా నేనే వేస్తాను, ఆ ముచ్చటా తీరిపోతుంది."

"ఒక్కసారి మీరిది చూడండి సార్. చూశాక ఏం రాయమంటే అదే రాస్తాను," అని ఫోను ఆయన చేతిలో పెట్టింది.

వార్డెను కళ్లజోడు సర్దుకుని చూశాడు.

తెరమీద, ముందు పరిగెత్తుతున్న తెల్లముసుగు పెద్దకొంగ, ఇరవై ఏళ్ల కిందట అడవిపంది చీల్చేసిన ఎడమకాలిని అడుగడుక్కీ ఈడుస్తుంటే, వెనకాల దొరబాబు బుద్ధిగా, ఒక్క అడుగైనా తప్పకుండా, అచ్చం అలాగే ఈడుస్తోంది.