తలుపు దగ్గర ముసలమ్మ

"సాయంత్రంలోగా ఒక్కడైనా ఆ తలుపు దాటకపోతే ముసలమ్మని ఆటలోంచి తీసేస్తాం. ముసలమ్మతోపాటు నిన్ను కూడా" అన్నాడు బాస్.

రచయిత్రి తల దించలేదు. ఆన్‌లైన్ ఆటకి కథ రాయడం ఆమె ఉద్యోగం. ఆ కథలో కోట తలుపు దగ్గర కాపలా కూర్చునే ముసలమ్మంటే ఆమెకి పంచప్రాణాలు. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా ముసలమ్మ తన గోడు వెళ్ళబోసుకుంటుంది. ఏ బటనూ నొక్కకుండా చివరిదాకా వింటే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మధ్యలో నొక్కారో, ఆవిడ నోరు మూసుకుంటుంది. మళ్ళీ మొదటికి రావాలి. అంతే కిటుకు.

వినేదెవరు? ముందుగా ఆడి చూడమని ఇస్తే ఆటగాళ్ళు ఆ తలుపుని కత్తులతో నరికారు, నిప్పు పెట్టారు, చివరికి కంపెనీని తిట్టిపోశారు. కథా లేదు, కాకరకాయా లేదన్నారు. అది తలుపా, గోడ మీద గీసిన బొమ్మా అన్నారు. అందరిలోకీ ఘాటుగా తిట్టినవాడు పిడుగు అనే పేరుతో ఆడేవాడు. "ఇది రాసినవాళ్ళని తెచ్చి ఆ ముసలిదాని పక్కనే కట్టెయ్యండి" అని రాశాడు. బాస్ ఇవాళ ఏరికోరి అతన్నే ఆఫీసుకి పిలిపించాడు.

"వినండి అని ఒక బోర్డు పెట్టవమ్మా. నీ సొమ్మేం పోయింది?"

"బోర్డు చూసి వింటే అది వినడం కాదు సార్. మనిషి అసలు మాట ఎప్పుడూ చివర్లోనే చెప్తాడు. అందాకా ఓపిక పట్టినవాళ్ళకే తలుపు."

"ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుంది?"

"ఒక్కరికుంటే చాలు" అంది.

పిడుగంటే ఎవడో నూనూగు మీసాల కుర్రాడనుకున్నారు. తీరా చూస్తే బట్టతల, బొజ్జ, ముక్కు మీద కళ్ళజోడు. అద్దాల గదిలో తెర ముందు కూర్చోగానే చొక్కా చేతులు పైకి మడిచాడు. అద్దానికి ఇవతల బాస్, రచయిత్రి నిలబడ్డారు.

"మోకాళ్ళు పట్టేశాయి నాయనా. ఈ తలుపు గడియ కూడా తుప్పు పట్టింది..." ముసలమ్మ మొదలుపెట్టింది.

పిడుగు టక్కున బటన్ నొక్కాడు. ముసలమ్మ నోరు మూసుకుంది. తలుపు కదల్లేదు.

"ఒసేయ్, నీ మోకాళ్ళు ఎవడికి కావాలే!" అని అరిచాడు పిడుగు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ నొక్కాడు. కత్తి దూశాడు. గోడ ఎక్కబోయి కింద పడ్డాడు. బాస్ గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడే ఆమె ఫోన్ బుర్రుమంది. భర్త. గొంతు రికార్డు చేసి పంపాడు మెసేజీ, చాంతాడంత. పొద్దున కూడా "కాస్త కూర్చో, మాట్లాడాలి" అన్నాడు. ఆమె చెప్పులేసుకుంటూనే "చెప్పు, వింటున్నా" అంటూ లిఫ్టు ఎక్కేసింది.

చెవి దగ్గర పెట్టుకుంది. "బట్టల మిషన్ మళ్ళీ కారుతోంది. మెకానిక్‌కి ఫోన్ చేశాను. వాడేమో రేపు, ఎల్లుండి అంటాడు..."

ఇక్కడ ప్రాణం పోతుంటే మిషన్ గోల! ఆపేసింది. 'సరే' అని కొట్టి, ఫోన్ జేబులో పడేసింది.

"నా వల్ల కాదు బాబూ!" లోపల పిడుగు రిమోటుని బల్ల మీద విసిరికొట్టాడు. కుర్చీలో వెనక్కి వాలి, మూతి ముడుచుకుని, చేతులు కట్టుకున్నాడు. "మీ ముసలమ్మా వద్దు, మీ కోటా వద్దు."

తెర మీద ముసలమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని చెప్పుకుపోతోంది. మోకాళ్ళయ్యాయి, గడియయ్యింది. ఇక లేచి వెళ్ళిపోదామని పిడుగు కుర్చీ చేతుల మీద బరువు ఆనించాడు.

"...యుద్ధానికి పోతూ నా కొడుకు ఏదో చెప్పబోయాడు నాయనా. తర్వాత విందాంలే అన్నాను" అంది ముసలమ్మ.

పిడుగు లేవలేదు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇన్నాళ్ళకి ఒక్కడివి నా మాట ఆసాంతం విన్నావు. వెళ్ళు నాయనా."

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

పిడుగు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాపం, ఇంత చెప్పిందా ఈవిడ? మధ్యలో నోరు నొక్కింది మనమేనా?"

బాస్ రచయిత్రి వైపు తిరిగాడు. "నువ్వూ ఉంటావు, ముసలమ్మా ఉంటుంది."

ఆమె గాల్లో తేలుతూ ఇల్లు చేరింది. బెల్లు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. తన దగ్గరున్న తాళంచెవితో తీసుకుంది.

"ఏమోయ్, ఇలా రా! గెలిచాను, విను!"

పలుకు లేదు. బట్టల మిషన్ కింద నేల శుభ్రంగా తుడిచి ఉంది. చెప్పుల స్టాండు మీద ఆమె జోళ్ళు మాత్రమే ఉన్నాయి. బాత్‌రూమ్‌లో మగ్గులో ఒకటే బ్రష్షు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆమె నేల మీదే కూలబడి, మధ్యాహ్నం ఆపేసిన చోటి నుంచి మెసేజీ పెట్టింది.

"...మిషన్ సంగతి ఊరికే ఎత్తాను. ఏదో ఒకదానితో మొదలుపెట్టాలి కదా. ఈ ఇంట్లో గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చింది. అక్క వాళ్ళింటికి పోతున్నాను, ఇక రాను. బ్యాగు గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడిదాకా విన్నావంటే ఒక్క ఫోన్ చెయ్యి, లోపల పెట్టేస్తాను. వినలేదనుకో, ఎప్పటిలాగే 'సరే' అని పెడతావు."