జావ చల్లారాక

"అక్కా, ఒక్కటీ చావలేదు."

కొత్తమ్మాయి గాజుసీసాను బల్లకేసి మెల్లగా తట్టింది. ఈగలన్నీ జలజలా అడుగుకి రాలి, మరుక్షణంలో గాజు పట్టుకుని పైకి పాకాయి. పెద్దక్క కళ్ళజోడు సవరించుకుని చూసింది. మిగలపండిన పండు మీద ముసిరే ఈగలే అవి. బయట ఎవరైనా చేత్తో తోలేస్తారు. ఈ పరిశోధనశాలలో మాత్రం వాటికి వేళకి తిండి, నిద్రకి చీకటి, రోగమొస్తే మందు.

ఈ సీసాలోవి మామూలు ఈగలు కావు. పెద్దక్క కూతురి ఒంట్లోని లోపాన్నే వీటిలోనూ పుట్టించారు. ఆ లోపమున్న ఈగ సరిగా ఎదగదు, కాస్త బూజు తగిలినా తట్టుకోలేదు, నాలుగు రోజులు ఎగరకముందే ముసలిదైపోతుంది.

"పక్క సీసా చూడండక్కా. మందు వేయనివి ఎప్పుడో పోయాయి. ఇవేమో మామూలు ఈగలంత అయ్యాయి."

పెద్దక్క ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. "ఏ మందు ఇది?"

"పచ్చమూత సీసా అక్కా. మొదట్లోనే పనికిరాదని మీరు పక్కన పెట్టారట. ఎందుకైనా మంచిదని మళ్ళీ వేసి చూశాను."

పెద్దక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను వేసినప్పుడు పనిచేయలేదే. నువ్వేం చేశావు?"

"కొత్తగా ఏం చేయలేదు. జావ పొయ్యి మీంచి దించి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేదాకా ఆరనిచ్చి, అప్పుడు కలిపాను. నిదానమే ప్రధానమని చిన్నప్పటినుంచీ మా అమ్మ పోరు. మీరెప్పుడు కలిపారు?"

ఈగల తిండంటే మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు వేసి ఉడికించే జావ. చల్లారేదాకా ఆగితే గడ్డకడుతుందేమో, మందు సరిగా కలవదేమో అని ఆమె భయం. అందుకే కుతకుతలాడుతుండగానే పోసి గరిట తిప్పింది. అప్పట్లో ఆమెకి అన్నింటికీ తొందరే. పాప మెట్లెక్కలేకపోయేది. దువ్వెన పెడితే జుట్టు ఊడి చేతికొచ్చేది. జలుబు చేస్తే నెలపాటు మంచం దిగేది కాదు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఇక్కడ తొందరే కొంప ముంచింది. ఆ వేడికి మందు చచ్చింది. చచ్చిన మందు తిని ఈగలూ చచ్చాయి. ఆమె ఆ సీసాను అరలోకి తోసి, ఇంకో మందు వెతుక్కుంటూ పోయింది.

"మరుగుతుండగా," అంది చివరికి. తన చేతులు చూసుకుంటే ఆమెకి అసహ్యం వేసింది.

కొత్తమ్మాయి నాలుక కరుచుకుంది. "పోనీలెండక్కా. ఇప్పటికైనా దొరికింది కదా. బావగారికి ఫోన్ చేయండి."

"వద్దు."

"ఇంత మంచి కబురు చెప్పకపోతే ఎలా?"

"ఈగకి పడిన మందు మనిషికి పడుతుందని ఏముంది? ఆయనకి తెలియకూడదు. నా మీద ఒట్టు."

కొత్తమ్మాయి తలూపింది గానీ, ఆమెకి ఏమీ అర్థం కాలేదు. వచ్చి నెల కూడా కాలేదు. పెద్దక్క ఇంటి సంగతులు ఇక్కడ ఎవరూ ఎత్తరు. బల్లమీది ఫోటోలో ఉన్న బక్కపిల్ల మాత్రమే తెలుసు. మొదటిరోజు "పాపకి ఎన్నేళ్ళక్కా?" అని అడిగితే, "ఆరు" అంది పెద్దక్క, పైటకొంగుతో ఫోటో తుడుస్తూ.

సాయంత్రం పెద్దక్క భర్త వచ్చాడు. బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చి రోజూ ఆమెని ఇంటికి తీసుకెళతాడు. పెద్దక్క చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. కొత్తమ్మాయి నోట్లో నువ్వుగింజ నానదు. మంచి చెప్పడానికి ఒట్టేమిటి అనుకుంది.

"బావగారూ, పాప జబ్బుకి మందు పనిచేసింది. ఈ ఈగల్ని చూడండి, ఎలా పాకుతున్నాయో."

అతను సీసాను వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడుందమ్మా ఈ మందు?"

"ఎక్కడో కాదండీ. ఆ పై అరలోనే."

అతను అర వైపు చూశాడు. చేయి చాస్తే అందే ఎత్తు. తర్వాత, తడి చేతులతో గుమ్మంలో నిలబడిపోయిన భార్యని చూశాడు.

కొత్తమ్మాయికి భయం వేసింది. మాట మార్చాలని గబగబా అంది. "జరిగిందేదో జరిగింది బావగారూ. డాక్టరుగారితో మాట్లాడి, పాపకి ఎప్పుడు మొదలుపెడదామంటారు?"

అతను సీసాను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"పాప పోయి ఏడాదైందమ్మా."