చలివేంద్రంలో సభ్యత్వం

"బిందె పార్టీ సభ్యురాలు వరహాలమ్మ గారికి శుభోదయం" అని వంటింటి గోడ పలకరించగానే వరహాలమ్మ చేతిలోని గరిటె జారిపడింది. ఇరవయ్యేళ్ళుగా ఆమె ఏ పార్టీ గడపా తొక్కలేదు.

ఏ పార్టీ అభ్యర్థినైనా జనమే ఓటేసి ఎంచుకునే రోజులవి. ఏ పార్టీకీ చెందనివాళ్ళు నచ్చిన పార్టీ ఎంపికలో ఓటెయ్యవచ్చు. సభ్యులకు మాత్రం సొంత పార్టీయే దిక్కు. తమ వీధికి నీళ్ళు తెప్పించిన పంతులమ్మ నిచ్చెన పార్టీ ఎంపికలో నిలబడింది. ఆమెకు ఓటెయ్యడానికి గడువు ఈ సాయంత్రమే.

"నేనెప్పుడు సేరేనే?" అని గోడను నిలదీసింది.

"మే పదకొండున, చలివేంద్రంలో, మీ వేలిముద్రతో."

ఆ రోజు అక్కడ మజ్జిగ తాగిన వీధంతా, బిందె పార్టీ జాబితాలో తమ పేర్లూ చూసుకుని, వరహాలమ్మ వెంట ఎన్నికల అధికారి దగ్గరికి నడిచింది.

"రుజువేదమ్మా?" అన్నాడాయన విసుగ్గా. పక్కనే బిందె పార్టీ వార్డు నాయకుడు సన్యాసినాయుడు మీసం దువ్వుకుంటున్నాడు.

"మొన్న ఎండకి ఆ సలివేంద్రంలో తమరూ ఓ గ్లాసు తాగీసినారు కద బాబూ. ఓపాలి జాబితాలో తమ పేరు సూసుకోండి."

చూసుకున్న అధికారి ముఖం పాలిపోయింది. పార్టీ సభ్యత్వం ఉంటే ఆయన ఉద్యోగం ఊడుతుంది. నిమిషంలో మూడు వందల పన్నెండు సభ్యత్వాలు రద్దయ్యాయి. వరహాలమ్మ అక్కడే, అందరికన్నా ముందు, పంతులమ్మకు ఓటేసింది. వీధి ఈలలేసింది.

"ఇప్పుడు సెప్పు నాయుడూ," అందామె.

నాయుడు తల దించుకున్నాడు. "గ్లాసులకి వేలిముద్ర పట్టీసే బిళ్ళలు నేనే అంటించినాను. తాగినోళ్ళందర్నీ మా పార్టీలో రాసీసినాను. అయ్యగారికీ దాహమేస్తాదని మాత్రం అనుకోలేదు."